బిడ్డను పోగొట్టుకున్న తల్లికి టీకా మెసేజ్ పంపకండి

రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు, గర్భిణులకూ బాలింతలకూ ఫోన్ సందేశాలు తయారుచేసి పంపే సంస్థల బాధ్యులకు,

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లలో తిరిగే ప్రభుత్వ నర్సుగా, ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. సబ్‌సెంటర్‌లో గర్భిణుల పేర్లు రాయడం, బీపీ చూడడం, రక్తం ఎంత ఉందో పరీక్ష చేయడం, ఐరన్ మాత్రలు ఇచ్చి మింగుతున్నారో లేదో అడగడం, కాన్పు అయ్యాక ఇంటికెళ్లి తల్లినీ బిడ్డనూ చూసి రావడం, ఇదే నా ఉద్యోగం. మీ శాఖ జీతంతోనే నా పిల్లలు చదువుకున్నారు. ఆ కృతజ్ఞత ఉంది కాబట్టే ముందు అడగవలసిన చోట్ల అడగవలసిన పద్ధతిలో అడిగాను. ఐదు నెలలు అడిగాను. పని జరగలేదు. అందుకే ఈ ఉత్తరం అందరి ముందూ పెడుతున్నాను.

జరిగింది చెబుతాను. మా చెల్లెలి కూతురికి తొలిచూలు. మూడో నెలలోనే పేరు నమోదైంది. తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు రాసే ఎంసీపీ కార్డు ఇచ్చారు, ఫోన్ నంబరు రాసుకున్నారు. అప్పటి నుంచి వారానికో మెసేజ్ వచ్చేది. ఆ పిల్ల వాటిని ఎంతో ఇష్టంగా చదివేది. ‘పెద్దమ్మా, ఈ వారం నుంచి బిడ్డకు మన మాటలు వినబడతాయంట’ అని నాకు ఫోన్ చేసి చెప్పేది. ఎనిమిదో నెల మొదట్లో ముఖం వాచింది. రెండు రోజులు తలనొప్పి తగ్గలేదు. ఎండ వేడి అనుకున్నారు ఇంట్లో. ఆ వారం వచ్చిన మెసేజ్ ఆకుకూరలు, గుడ్లు తినమంది. మూడో రోజు కళ్లు మసకబారుతున్నాయంటే అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తారు. బీపీ 180 దాటి ఉంది. బీపీ ముదిరి ఫిట్స్ రావడాన్ని పెద్దవాళ్లు గుర్రపువాతం అంటారే, ఆ అంచు దాకా వెళ్లి పిల్ల బతికింది. బిడ్డ కడుపులోనే పోయింది.

నేను అప్పుడు మా అబ్బాయి దగ్గర, వేరే ఊళ్లో ఉన్నాను. వారంలో రెండుసార్లు ఆ పిల్లతో మాట్లాడుతూ కూడా ముఖం వాపు గురించి నేను అడగలేదు. ఎందరో ఆడవాళ్లను అడిగినదాన్ని, నా ఇంటి పిల్లను అడగలేదు. అది నా మనసులో ఎప్పటికీ ఉంటుంది. కాబట్టి బిడ్డ పోయినందుకు నేను మెసేజ్‌ల మీద నేరం మోపడం లేదు. నా ఫిర్యాదు ఆ తర్వాత జరిగినదాని మీద.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన నాలుగో రోజు ఫోన్ మోగింది. ‘మీకు 32వ వారం. బిడ్డ కదలికలు గమనించండి’ అని. ఆ పిల్ల అది చదివి ఫోన్ బోర్లా పెట్టి గోడవైపు తిరిగి పడుకుంది. పాలు గడ్డకట్టి జ్వరంతో ఉంది అప్పుడు. ఆ తర్వాత ప్రతి వారం ఒకటి. కాన్పుకు ఏమేమి సర్దుకోవాలో చెప్పారు. ఇచ్చిన డేట్ దాటగానే సందేశాలు వాటంతట అవే మారిపోయాయి. అభినందనలు తెలిపారు. ముర్రుపాలు పట్టించమన్నారు. బిడ్డకు ఆరు వారాలు నిండాయి, పెంటావాలెంట్ టీకా మొదటి డోసు వేయించండి అన్నారు. ఆ రోజు మా చెల్లెలు నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ‘అక్కా, మర్చిపోదామన్నా వీళ్లు మర్చిపోనివ్వడం లేదే’ అంది.

ఆశా కార్యకర్తకు చెప్పాం. ఆన్‌లైన్ ఎంట్రీ తన చేతిలో లేదంది. నిజమే, లేదు. ఏఎన్‌ఎం తాను వివరం ఎక్కించానని ట్యాబ్ తెరిచి చూపించింది. అక్కడ ఎక్కింది గానీ మెసేజ్ పంపే చోటికి చేరలేదు. ఉచిత నంబరుకు చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే గొంతే తప్ప మనిషి దొరకలేదు. ఆ అంకెల్లో ‘నా బిడ్డ చనిపోయింది’ అని చెప్పడానికి ఏ అంకే లేదు. జిల్లా కార్యాలయంలో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాం. నెల తర్వాత ఇంకో అర్జీ. చివరికి ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని ఒక మెసేజ్ వచ్చింది. ఆ వచ్చే వారమే, బిడ్డకు పదో వారం టీకా గుర్తుచేస్తూ మరో మెసేజ్ వచ్చింది.

ఆ ఊరి పేరు, ఆ ఉద్యోగుల పేర్లు, ఆ మెసేజ్‌లు పంపిన సంస్థ పేరు నేను రాయను. వాళ్లలో చెడ్డవాళ్లెవరూ లేరు. ఒక్కొక్కరూ తమ వంతు పని చేశామనే అనుకున్నారు. మధ్యలో ఆ పిల్ల నలిగిపోయింది.

ఫోన్ సందేశాలు వద్దని నేను అనను. ఒక సబ్‌సెంటర్ కింద నాలుగైదు ఊళ్లు ఉంటే, ప్రతి గర్భిణి ఇంటికీ వారం వారం వెళ్లడం ఏ మనిషికీ సాధ్యం కాదని నాకు తెలుసు. కేంద్ర ఆరోగ్య శాఖ 2016 జనవరిలో మొదలుపెట్టిన కిల్కారిలో నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా వారానికొకటి చొప్పున 72 వాయిస్ కాల్స్ ఉచితంగా వస్తాయి. డాక్టర్ అనిత అనే పాత్ర మాట్లాడుతుంది. తెలుగులో కూడా ఉంది. చదువు రాని తల్లికి గొంతు వినిపించడం మంచి ఆలోచన. మన దేశంలోనూ బయటా ఇలాంటివి చాలా ఉన్నాయి. ఆలోచన బాగున్నంత మాత్రాన అమలు దానంతటదే బాగుండదు. నేను ఇన్నేళ్ల పనిలోనూ, ఈ ఐదు నెలల్లోనూ చూసిన లోపాలు ఒక్కొక్కటిగా రాస్తున్నాను. వాటిని సరిచేయమని అడుగుతున్నాను.

1. గర్భం పోయిందని, బిడ్డ పోయిందని తెలిపే దారి తల్లి చేతిలో ఉండాలి.

అన్నిటికంటే ముందు ఇది. పేరు నమోదు చేసే రోజున ఆఖరి నెలసరి తేదీ రాస్తారు. అక్కడి నుంచి 280 రోజులు లెక్కగట్టి మెసేజ్‌లన్నీ వరసలో పేర్చి ఉంటాయి. మధ్యలో అబార్షన్ అయినా, కడుపులో బిడ్డ పోయినా, పుట్టి పోయినా, ఎవరో ఒకరు కంప్యూటర్‌లో ఆ మాట మార్చేదాకా ఆ వరస ఆగదు. మార్చవలసిన ఏఎన్‌ఎంకు ఆ కబురు తెలియడానికే వారాలు పడుతుంది. ఎందుకంటే అలాంటివి ఎక్కువగా ఊళ్లో జరగవు, పట్నం ఆసుపత్రుల్లో జరుగుతాయి. ప్రైవేటు ఆసుపత్రి అయితే కబురు అసలే రాదు. వచ్చి ఎక్కించినా, ఒక చోటి వివరం ఇంకో చోటికి చేరదు.

దక్షిణాఫ్రికా ప్రభుత్వ ఆరోగ్య శాఖ 2014 ఆగస్టులో మామ్‌కనెక్ట్ అనే సేవ మొదలుపెట్టింది. మనకంటే ధనిక వ్యవస్థ అనుకోనక్కర్లేదు, మామూలు బటన్ ఫోన్లతో మొదలైంది. అందులో గర్భం పోయిందని తల్లే స్వయంగా తెలియజేయవచ్చు. మెసేజ్‌లు ఆపేయమనవచ్చు. లేదా బిడ్డను పోగొట్టుకున్న తల్లుల కోసం విడిగా రాసిన ఓదార్పు సందేశాలు కావాలనవచ్చు. ఈ సంగతి తెలిసిన రోజు నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. బిడ్డ పోయిన తల్లికి కూడా చెప్పవలసిన ఆరోగ్య విషయాలు ఎన్ని ఉన్నాయి! పాలు గడ్డకడితే ఏం చేయాలి, రక్తస్రావం ఎన్నాళ్లుంటుంది, ఎప్పుడు ఆసుపత్రికి రావాలి, బీపీ మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి, మళ్లీ గర్భానికి ఎంత ఎడం ఉండాలి, నిద్ర పట్టకపోతే ఎవరితో మాట్లాడాలి. మా పిల్లకు వీటిలో ఒక్కటీ రాలేదు. ఆమె కూడా బాలింతేనని ఎవరికీ తోచలేదు.

మేం కోరేది ఇది. ప్రతి మెసేజ్‌లో, ప్రతి కాల్ చివర, ఒకే ఒక అంకె ఉండాలి. అది నొక్కితే సందేశాలు ఆ రోజే ఆగాలి. ఎందుకు అని అడగకూడదు. రెండు రోజుల్లో ఒక ఏఎన్‌ఎం ఇంటికెళ్లి కనుక్కోవాలి. బిడ్డ పోయిన తల్లుల కోసం కనీసం ఆరు వారాల సందేశాలు, తెలుగులో, మెత్తటి మాటల్లో, వేరుగా రాయించాలి. అవి వద్దంటే అవీ ఆగాలి.

2. మెసేజ్ ఆపమన్నంత మాత్రాన పథకం ఆగదని రాతపూర్వకంగా చెప్పండి.

నమోదప్పుడు గర్భిణికి ఇచ్చే ఆర్‌సీహెచ్ ఐడీ లేకపోతే కేంద్రం గర్భిణులకు ఇచ్చే మాతృ వందన డబ్బులు రావని, తల్లీబిడ్డలను తీసుకెళ్లే 102 బండి రాదని ఊళ్లో అందరూ అనుకుంటారు. అందుకే మెసేజ్‌లు బాధపెడుతున్నా నంబరు తీసేయమని అడగడానికి భయపడతారు. మా చెల్లెలు కూడా మొదట్లో అదే అంది, ‘ఎందుకొచ్చిన గొడవ, రేపు మళ్లీ అవసరం పడుతుంది’ అని. ఆ భయం పోగొట్టడానికి ఒక్క సర్క్యులర్ చాలు.

3. ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందో ఆలోచించండి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో తేలినదాని ప్రకారం, తాను స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు దేశం మొత్తం మీద 54 శాతం. తెలంగాణలో దాదాపు 60 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో సగం మంది కూడా లేరు, 49 శాతం. ఫోన్ ఉన్న మహిళల్లో కూడా మెసేజ్ చదవగలిగినవాళ్లు దేశంలో 71 శాతమే. అంటే మీరు ‘అమ్మా’ అని పిలిచి పంపే మెసేజ్ చాలా ఇళ్లలో ముందు భర్తకో, మామకో, మరిదికో చేరుతుంది.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది. తొలికాన్పు పుట్టింట్లోనే. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి పుట్టింటికి తీసుకెళతారు. మూడో నెలో ఐదో నెలో వచ్చాక బిడ్డతో అత్తవారింటికి పంపుతారు. నమోదు మాత్రం అత్తగారి ఊళ్లో, భర్త నంబరు మీద జరిగి ఉంటుంది. అంటే బీపీ పెరిగే నెలలు, కాన్పు నొప్పులు వచ్చే వారాలు, పచ్చి బాలింతగా ఉండే రోజులు, తల్లికి మాట అత్యవసరమైన ఆ నాలుగైదు నెలలూ మెసేజ్ ఒక ఊళ్లో మోగుతుంది, మనిషి ఇంకో ఊళ్లో ఉంటుంది. భర్త హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పనిలో ఉంటే ఆ మెసేజ్ ఎక్కడికీ చేరదు. ఇది మన నేలలో అందరికీ తెలిసిన ఆచారం. సందేశాల పథకం రాసేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోవడం కష్టమేమీ కాదు. నమోదు చేసేటప్పుడే రెండు నంబర్లు అడగండి: ఒకటి ఆమెది గానీ భర్తది గానీ, రెండోది పుట్టింటిది. ఏడో నెల నుంచి రెండింటికీ పంపండి. ఆ ఊరి ఆశాకు కూడా కబురు వెళ్లేలా చూడండి.

ఇందులో ఒక సున్నితమైన విషయం కూడా ఉంది. గర్భం వద్దనుకుని చట్ట ప్రకారం తీయించుకున్న మహిళ వివరాలు బయటపెట్టడం నేరమని 2021లో సవరించిన చట్టం చెబుతోంది. ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు. అలాంటి మహిళ ఇంట్లోని ఉమ్మడి ఫోన్‌కు ‘మీకు 14వ వారం’ అని మెసేజ్ వస్తే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో నేను మీకు చెప్పనక్కర్లేదు. నేను ఉద్యోగంలో ఉండగా ఇలాంటి రహస్యాలు ఎన్నో నా కడుపులో దాచుకున్నాను. కంప్యూటర్‌కూ ఆ పద్ధతి నేర్పించాలి. నంబరు రాసుకునే ముందు ‘ఈ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది, దీనికి గర్భం సంగతి పంపవచ్చా’ అని విడిగా, చాటుగా ఆమెను అడగాలి. అది ఫారంలో ఒక గడిగా ఉండాలి.

4. మెసేజ్ తెలుగులో, తెలుగు లిపిలో ఉండాలి.

ఆరోగ్య మెసేజ్‌లు చాలా వరకు ఇంగ్లిష్‌లోనో, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగులోనో వస్తున్నాయి. ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. మా అబ్బాయి సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు, వాడు విడమరిచి చెప్పాడు. ఇంగ్లిష్‌లో ఒక ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగు లిపిలో 70 మాత్రమే. పైగా మనకు ఒక్కటిగా కనబడే అక్షరం అందులో ఒక్కటి కాదు. గుణింతం వేరే, ఒత్తు వేరే లెక్క. ‘తల్లి’ అంటే ఐదు. ‘స్త్రీ’ అంటే ఆరు. నేను కాగితం మీద రాసి చూశాను: ‘ముఖం, చేతులు వాచినా, తలనొప్పి ఆగకపోయినా, కళ్లు మసకబారినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి’. మా పిల్లకు ఆ వారం రావలసిన మాట ఇదే. లెక్కపెడితే 83 వచ్చింది. డెబ్బై దాటింది కాబట్టి రెండు మెసేజ్‌ల ఖర్చు.

ఆ రెండో మెసేజ్ ఖర్చు మిగుల్చుకోవడానికి మాట కుదిస్తారు, లేదా ఇంగ్లిష్‌లో పంపుతారు. దయచేసి ఆ ఖర్చు పెట్టండి. టెండర్ ఇచ్చేటప్పుడే సందేశం తెలుగు లిపిలో, పూర్తి వాక్యంతో ఉండాలని షరతు రాయండి. చదవలేని వాళ్లకు అదే మాట గొంతుతో వినిపించండి. భాష కూడా మన ఊరి భాషలా ఉండాలి. ‘రక్తహీనత నివారణకై ఇనుము ధాతువు సమృద్ధిగా గల ఆహారం స్వీకరించండి’ అంటే ఎవరికి తలకెక్కుతుంది? ‘రక్తం తక్కువైతే కాన్పులో ప్రమాదం, మాత్ర రోజూ వేసుకోండి, అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది’ అనండి. అరకులోయ, ఆదిలాబాద్ లాంటి చోట్ల తెలుగు కూడా ఇంటి భాష కాని తల్లులున్నారు. గోండి, కోయ, లంబాడీ, సవర మాట్లాడే ఆశా కార్యకర్తలు అక్కడే ఉన్నారు. వాళ్ల గొంతులతోనే రికార్డు చేయించవచ్చు.

5. తేదీ తప్పితే సలహా తప్పుతుంది.

ఆఖరి నెలసరి ఎప్పుడమ్మా అని అడిగితే ‘ఉగాదికి నాలుగు రోజుల ముందు’, ‘మా ఊరి జాతర అయ్యాక’ అని చెప్పేవాళ్లే నాకు ఎక్కువగా కనబడ్డారు. మేం పంచాంగం చూసి తేదీ రాసుకునేవాళ్లం. తర్వాత స్కానింగ్‌లో వారాలు తేడా వస్తే కార్డు మీద దిద్దుతారు గానీ, మెసేజ్ వరస పాత తేదీ మీదే నడుస్తుంది. స్కానింగ్ తేదీతో అది కూడా మారాలి. ఇందులో చెప్పడానికి ఇంకేమీ లేదు, చేయడమే మిగిలింది.

6. మంచి మాటలు తగ్గించి, ప్రమాద సూచనలు పెంచండి.

పౌష్టికాహారం గురించి ఎన్ని మెసేజ్‌లు వచ్చాయో మా పిల్ల ఫోన్‌లో లెక్కపెట్టాను. పదకొండు. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, కదలికలు తగ్గడం, వాపు, తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్, జ్వరం, వీటన్నిటికీ కలిపి రెండు. ఆ రెండూ ఐదో నెలలో వచ్చాయి. బీపీ ముదిరేది ఎక్కువగా చివరి మూడు నెలల్లో. ఐదో నెలలో చదివింది ఎనిమిదో నెలలో ఎవరికి గుర్తుంటుంది?

కోడిగుడ్డు తినాలని తెలియని ఆడది ఈ రోజుల్లో లేదు. కొనుక్కునే స్తోమత లేనివాళ్లు ఉన్నారు, పెట్టనివ్వని అత్తలు ఉన్నారు. బిడ్డ లావైతే కాన్పు కష్టమని తిండి తగ్గించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఐరన్ మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందనే ఇళ్లూ ఉన్నాయి. ఆ మాటలకు జవాబు అత్తకూ, అమ్మకూ, భర్తకూ చెప్పాలి. వాళ్లకు విడిగా రాసిన సందేశాలు కావాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని అదే 2019-21 సర్వే చెప్పింది. ఇన్నేళ్లు ఇన్ని మాత్రలు పంచాక కూడా! మాత్ర ఇంట్లో ఉండి కూడా మింగలేదంటే, ఎందుకు మింగలేదో అడిగే మెసేజ్ కావాలి. మింగమని చెప్పే మెసేజ్ పన్నెండోసారి అక్కర్లేదు.

కిల్కారి కాల్స్ ఎంతవరకు పనిచేశాయో మధ్యప్రదేశ్‌లో 5,000 మందికి పైగా మహిళలతో పరిశోధన చేశారు. పిల్లల మధ్య ఎడం కోసం తాత్కాలిక పద్ధతులు వాడడం కొద్దిగా పెరిగింది. పాలు పట్టే అలవాట్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చెప్పడం ఒక్కటే సరిపోదని ఆ ఫలితం చెబుతోందని నేను అనుకుంటున్నాను. మన దగ్గర కూడా అలా కొలిచి చూసి, ఫలితాలు తెలుగులో బయట పెట్టండి.

7. తిరిగి మాట్లాడడానికి ఒక మనిషి ఉండాలి.

మెసేజ్ వచ్చే నంబరుకు తిరిగి ఫోన్ చేస్తే ‘ఈ నంబరు వాడుకలో లేదు’ అంటుంది. మా ఊళ్లో ఒకామె కదలికలు తగ్గాయని రాత్రి పదింటికి అదే నంబరుకు చేసిందట, ప్రభుత్వం నంబరే కదా అని. దొరక్కపోతే పొద్దున చూద్దాంలే అనుకుంది. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు.

సందేశం పంపే నంబరే ఫోన్ ఎత్తాలి. లేదా ప్రతి మెసేజ్ చివరా 104, 108 ఉండాలి, ఆ 104లో కూర్చున్నవాళ్లకు గర్భిణుల ప్రశ్నలకు జవాబు చెప్పే శిక్షణ ఉండాలి. ప్రభుత్వ సంస్థల కాల్స్‌కూ, బ్యాంకుల కాల్స్‌కూ 2024లో కేంద్రం 160తో మొదలయ్యే నంబర్లు కేటాయించింది. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. కొత్త నంబరు కనబడితే సైబర్ మోసమని ఎత్తడం లేదు, వాళ్ల తప్పు కూడా లేదు. సందేశాలు ఏ నంబరు నుంచి, ఏ పేరుతో వస్తాయో ఎంసీపీ కార్డు అట్ట మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేయండి.

8. మా నంబర్లు అమ్ముడుపోతున్నాయా? విచారణ చేయండి.

మా పిల్లకు ఐదో నెల నుంచి బొడ్డుతాడు రక్తం దాచిపెడతామని ఫోన్లు వచ్చాయి. డేట్ దాటిన వారం నుంచి డబ్బా పాల ఆఫర్లు వచ్చాయి. ఆమె గర్భవతి అని, ఫలానా తేదీకి కాన్పు అని వాళ్లకెలా తెలిసింది? స్కానింగ్ సెంటర్ నుంచా, ల్యాబ్ నుంచా, ఫోన్‌లో వేసుకున్న యాప్ నుంచా, ఇంకెక్కడి నుంచా, నేను చెప్పలేను. చెప్పవలసింది మీరు. రెండేళ్ల లోపు పిల్లల పాలపొడులకు, సీసాలకు ప్రచారం చేయకూడదని 1992 నాటి చట్టం, దానికి 2003 సవరణ ఉన్నాయి. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. తల్లిపాలు పట్టమని సర్కారు పంపిన మెసేజ్ కిందే డబ్బా పాల మెసేజ్ కనబడితే, ఆ తల్లి ఏది నమ్మాలి? సందేశాల పని ఏ ప్రైవేటు సంస్థకు ఇచ్చినా, ఆ నంబర్లు ఎవరెవరు చూడగలరో, పని అయ్యాక ఎప్పుడు చెరిపేస్తారో బయటికి చెప్పండి.

9. ఏఎన్‌ఎంల మీద, ఆశాల మీద మరో రిజిస్టర్ వేయకండి.

ఈ ఉత్తరం చదివి, రేపు ఒక మీటింగ్ పెట్టి, ఎంట్రీ ఆలస్యమైతే మెమో ఇస్తామని అంటారేమోనని నా భయం. దయచేసి అలా చేయకండి. మేం చేత్తో రిజిస్టర్ రాస్తాం, ట్యాబ్‌లో ఎక్కిస్తాం, మళ్లీ ఎక్సెల్‌లో పంపుతాం. ఒకే పేరు మూడు చోట్ల. నెట్‌వర్క్ లేని ఊళ్లో ట్యాబ్ పట్టుకుని డాబా ఎక్కి సిగ్నల్ కోసం నిలబడ్డ రోజులు నాకు గుర్తున్నాయి. ఒకసారి ఎక్కిస్తే అన్ని చోట్లా మారేలా చేయండి. ప్రసూతి ఆసుపత్రిలో డిశ్చార్జి రాసేటప్పుడే, ప్రభుత్వమైనా ప్రైవేటైనా, బిడ్డ ఉన్నదా లేదా అన్న మాట అక్కడి నుంచే నేరుగా చేరాలి. ఊళ్లో ఏఎన్‌ఎంకు కబురు అందాక ఆమె చేయవలసింది ఆ తల్లి ఇంటికి వెళ్లి పక్కన కూర్చోవడం.

ఈ తొమ్మిదింట్లో కొన్నిటికి సమయం పడుతుందని నాకు తెలుసు. టెండర్లు, బడ్జెట్, ఢిల్లీ అనుమతులు ఉంటాయి. కానీ మొదటిదానికీ రెండోదానికీ అవేవీ అక్కర్లేదు. ఆపే అంకె, ఒక సర్క్యులర్. ఇవి 30 రోజుల్లో చేయమని అడుగుతున్నాను. మిగతావి ఎప్పటిలోగా చేస్తారో తేదీలతో రాతపూర్వకంగా చెప్పమని అడుగుతున్నాను. సందేశాలు రాసే కమిటీలో కనీసం ఇద్దరు ఏఎన్‌ఎంలు, ఇద్దరు ఆశాలు, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఒకరు కూర్చోవాలని కోరుతున్నాను.

2018-20 లెక్కల్లో ప్రాణంతో పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు తల్లుల మరణాలు దేశంలో 97 ఉంటే తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. అందులో మా తరం ఏఎన్‌ఎంల నడక ఉంది, మీ కష్టం ఉంది. నేను దాన్ని తక్కువ చేయను. బతికి బయటపడిన తల్లుల్లో మా పిల్ల ఒకతె, మీ 108 బండిలోనే ఆసుపత్రికి వెళ్లింది.

ఆ పిల్లకు ఇప్పుడు మళ్లీ మూడో నెల. నేనే దగ్గరుండి పేరు నమోదు చేయించడానికి తీసుకెళ్లాను. బీపీ చూశారు, బరువు చూశారు. మొదటిసారి అలా జరిగింది కాబట్టి హైరిస్క్ అని రాసి, తొమ్మిదో తారీఖున డాక్టర్‌కు చూపించుకోమన్నారు. అంతా బాగానే చేశారు. ఫోన్ నంబరు చెప్పమ్మా అనగానే నా వైపు చూసింది. ‘వద్దు పెద్దమ్మా’ అంది. ఎంత నచ్చజెప్పినా ఇవ్వలేదు. అందరికంటే ఎక్కువగా ఈ సందేశాలు అందవలసిన గర్భిణి ఆమె. ఆ గడిలో చివరికి నా నంబరు రాయించాను. ఆమెకు వచ్చే మెసేజ్‌లన్నీ ఇప్పుడు నాకు వస్తున్నాయి. ఏది ఆమెకు చదివి వినిపించాలో, ఏది వినిపించకూడదో నేను చూసుకుంటున్నాను. ఇలా చూసుకునే పెద్దమ్మ లేని పిల్లలకు ఆ పని మీరు చేయాలి.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్‌ఎం